తరుగు, మజూరి

షట్టరు సగం దించి లెక్క వేస్తాండాను.
ఏడాదికి ఇరవై రెండు వేలు.
కొనడం కాదు, బాడుగ.
కట్టడం ఆపిన రోజు
నా ఫైళ్ళే నాకు తలుపు తీయవంట.

పెండ్లి పత్రిక ఒకటి గీస్తే మూడు వందలు.
పుట్టినరోజు ఫ్లెక్సీకి నూటాయాభై,
మొగం మీద మచ్చలు తుడిచేది అందులోనే,
పొత్తు చెడిన బామ్మర్దిని ఫోటోలోంచి తీసేసేదీ అందులోనే.
ఈ లెక్కన డెబ్బై మూడు పెండ్లిండ్లు కావాల,
పైన ఇంకో నూరు రూపాయలు.
ఆషాఢం తీసేసి, మూఢం తీసేసి,
బేరమాడి రెండు వందలిచ్చే వాళ్ళను తీసేస్తే
ప్రొద్దుటూర్లో నాకు మిగిలే ముహూర్తాలెన్ని?

ఉన్నది పాతదే, పద్నాలుగేండ్ల నాటిది.
మధ్యాన్నం మూడు దాటితే బిగుసుకుపోతుంది.
అందుకే నా ఎడం చేతికి ఒక అలవాటు:
రెండు గీతలకొకసారి కంట్రోల్ ఎస్.
గిరాకీతో మాట్లాడుతా కూడా నొక్కుతాంటాను,
అన్నం కలుపుతా ఒకసారి కంచం అంచును నొక్కినా.
కొత్తది తనంతట తానే దాచుకుంటుందంట.
మరి ఈ చేయి ఏం చేయాల?

ఎర్రగుంట్ల రోడ్డు ప్రెస్సు నుంచి ఇలియాస్ ఫోను:
"అక్కా, నీ ఫైలు మా మిషన్లో తెరిస్తే
అమ్మవారి పసుపు కామెర్ల పసుపు అయితాంది.
మార్చుకో, లేకుంటే నన్ను తిట్టొద్దు."

సరే, చూద్దామని
ఏడు రోజుల ఉచితం దించుకున్నా.
మొదటి రోజు ఒక పాప ఫోటో.
గాలికి లేచిన జుట్టు, వెనక గోడ మీద సున్నం పెచ్చులు.
ఒక్క నొక్కు.
గోడ పోయింది, వెంట్రుక ఒక్కటీ తెగలా.
పోగు పోగునా నేను కత్తిరించిన రాత్రులు,
కండ్లకు చుక్కలేసుకున్న రాత్రులు
ఎన్నో లెక్కపెట్టబోయి,
సంతోషపడాల్నో ఏడ్వాల్నో తెలీక
టీ తెప్పించుకున్నా.

రెండో రోజు పాత పత్రిక ఒకటి తెరిచినా.
ఒత్తులన్నీ జారి కిందపడినాయి.
పెండ్లికూతురు పేరుండాల్సిన చోట
ఒక డాలరు, రెండు బ్రాకెట్లు, తలకిందుల ప్రశ్న.
ఖాదర్‌వలీ సార్ నేర్పిన కీబోర్డు అది.
కండ్లు మూసి "క్ష" కొట్టమనేవాడు,
తప్పితే స్కేలుతో బల్ల మీద కొట్టేవాడు, నన్ను కాదు.
కొత్తదాంట్లో క్ష ఇంకోచోట ఉంది.
యాడుందో నాకు తెలుసు, వేళ్ళకు తెలీదు.

పక్కంగడి ఈశ్వరాచారిని అడిగినా.
ఊది, చిమటాతో పూస నిలబెట్టి
తల ఎత్తకుండానే చెప్పినాడు:
"పాతదానికి తరుగు పోతుంది,
కొత్తదానికి మజూరి పడుతుంది.
మధ్యలో మెడ మాత్రం అదే గదమ్మా."
ఆయన త్రాసులో వేళ్ళను తూచే రాయి లేదు.
ఉంటే అడిగేదాన్ని,
ఇరవై ఏండ్ల వేళ్ళకు తరుగెంత కడతావని.

ఈ రోజు ఆరో రోజు.
నెలకైతే రెండు వేల నాలుగు వందలంట.
చిల్లరగా కొనేవాడికే రేటెక్కువ,
ఉప్పయినా ఇంతే.
తెలిసీ నెలకే కడతాండాను.
శ్రావణం పొయినాక మళ్ళా చూద్దాం.
పాత పెట్టెను మూలకు జరిపి, వైరు పీకకుండా ఉంచినా,
ఫ్యాను గురక పెడతానే ఉంది.
పాత పెండ్లిండ్లన్నీ దాంట్లోనే చదువుకోవల్ల.

షట్టరు కింద నుంచి ఎవరివో చెప్పులు కనపడతాండాయి.
"అక్కా, ఉన్నావా? రేపటికి ఫ్లెక్సీ కావాల."
"ఉండా" అంటా
కాగితం మీది లెక్క కింద గీత గీసినా.
ఎడం చేయి బల్లను
రెండు వేళ్ళతో నొక్కింది.